ఇల్లిల్లూ తిరగడమా, ఫోన్లా, వాట్సాపా? మనవాళ్ళు బూత్ దాకా రావాలంటే ఏది మేలు?

బెంగళూరులో కార్పొరేషన్ ఎన్నికల మాట ఎత్తినప్పుడల్లా మహదేవపుర, కె.ఆర్.పురం వైపు మన తెలుగు కుర్రాళ్ళు అడిగేది ఒకటే. అన్నా, మా దగ్గర పది మందే ఉన్నారు, ఇల్లిల్లూ తిరగమంటావా, కూర్చుని ఫోన్లు చేయమంటావా, లేకపోతే వాట్సాప్ గ్రూపులు చాలా? విడివిడిగా చెప్పే కంటే ఒకేసారి రాసేద్దామని కూర్చున్నా. నేను రాస్తున్నది ఎదుటి పార్టీ ఓటుని మనవైపు తిప్పడం గురించి కాదు, ఆల్రెడీ మనవైపు ఉన్న మనిషి పోలింగ్ రోజు ఇల్లు కదలడం గురించి మాత్రమే. ఇవి రెండూ వేరే వేరే పనులు, ఆఖరి వారంలో మొదటి పని పక్కన పెట్టేయండి.

బెంగళూరులో జబ్బు ఏంటో అందరికీ తెలుసు. 2024 లోక్‌సభకి ఏప్రిల్ 26 శుక్రవారం పోలింగ్, సిటీలో నార్త్, సెంట్రల్, సౌత్ మూడూ 54 శాతం దగ్గర్లోనే ఆగిపోయాయి. పదిహేడు రోజుల తర్వాత మే 13న ఆంధ్రాలో పోలింగ్ అయితే అక్కడ 80 దాటింది. ఊళ్ళో ఓటున్న మనవాళ్ళు ఇక్కడ్నించి బస్సుల్లో నిలబడి మరీ కడపకీ, అనంతపురానికీ, చిత్తూరుకీ పోయి ఓటేసి వచ్చారు. ఇక్కడ ఓటు రాయించుకున్న మనవాళ్ళు మాత్రం రెండు వీధుల అవతల ఉన్న స్కూల్ దాకా పోలేదు. సెలవులు, ఎండ, ట్రాఫిక్ అని కారణాలు చాలా చెప్తారు గానీ నా లెక్కలో అసలు కారణం వేరే. ఊళ్ళో అయితే పెదనాన్న ఫోన్ చేసి "ఎప్పుడు బయల్దేరతాండావురా?" అని అడుగుతాడు. వస్తావా రావా అని కాదు, ఎప్పుడు అని. ఇక్కడ అట్లా అడిగే మనిషే లేడు. కాబట్టి ఏ పద్ధతిని తూచినా నేను చూసేది ఒక్కటే, తెలిసిన మనిషి అడిగాడా, టైమ్ అడిగాడా.

ఇల్లిల్లూ తిరగడం గురించి కాస్త ఎక్కువే చెప్తాను. యేల్ యూనివర్సిటీకి చెందిన గెర్బర్, గ్రీన్ అనే ఇద్దరు 1998లో న్యూ హేవెన్ అనే ఊళ్ళో కొంతమంది ఇళ్ళకి మనుషుల్ని పంపి, కొంతమందికి ఉత్తరాలేసి, కొంతమందికి ఫోన్లు చేయించి, తర్వాత ఎవరు నిజంగా ఓటేశారో రికార్డుల్లో చూశారు. మనిషి ఎదురుగా వెళ్ళి మాట్లాడిన వాళ్ళలో పోలింగ్ 8, 9 శాతం పాయింట్లు పెరిగింది, ఉత్తరాలకి కొద్దిగా, డబ్బులిచ్చి చేయించిన ఫోన్లకి ఏమీ లేదు. అమెరికా అంకెలు మనకి అట్లే పనికిరావు గానీ ఆ వరస మాత్రం ఇక్కడ కూడా అదే అని నా నమ్మకం.

అయితే తిరగడంలో కూడా తేడా ఉంది. జెండాలు పట్టుకుని ఇరవై మంది గేటు ముందర నిలబడి దండం పెట్టి పోతే అది ఊరేగింపు, దానికి ఎవరూ కదలరు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు సాయంత్రం, ఆ వీధిలోనే ఉండే ఇద్దరు, చేతిలో ఓటరు లిస్టు, చాలు. మాట ఇట్లా నడవాలి:

"అక్కా, శుక్రవారం ఎన్ని గంటలకి పోతారు?"

"చూస్తాంలే తమ్ముడూ, వంట అయినాక పోతాం."

"వంట ఎన్నింటికి అవుతాది?"

"తొమ్మిదికి అయిపోతాది. మీ అన్న లేసేదే పదింటికి, సెలవు కదా."

"అయితే తొమ్మిదిన్నరకి నువ్వూ పక్కింటి ఆంటీ కలిసి పోండక్కా, అన్న మధ్యాన్నం పోతాడు. ఇదిగో చీటీ, పార్ట్ నంబరు, సీరియల్ నంబరు ఇందులోనే ఉన్నాయి, స్కూల్లో రెండో రూము. ఆధార్ మర్చిపోవద్దు."

అంతే, రెండు నిమిషాల పని. ఇక్కడ పార్టీ పేరు రాలేదు, పథకాలు రాలేదు, ఎందుకంటే ఆమె ఎట్లాగూ మనవైపే. వచ్చింది టైమ్, తోడు, రూము, కార్డు. 2008లో అమెరికాలోనే పెన్సిల్వేనియాలో, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో నికర్సన్, రోజర్స్ అనే వాళ్ళు ఇదే పరీక్ష పెట్టారు, ఎన్నింటికి పోతారు, ఎక్కడ్నించి పోతారు, దానికి ముందు ఏం పనిలో ఉంటారు అని అడిగితే పోలింగ్ 4 పాయింట్ల దాకా పెరిగింది. ఊరికే మీరు ఓటేస్తారా అని అడిగితే అంత రాలేదు. కార్డు మాట ఎందుకంటే 2019 నుంచి ఓటరు స్లిప్పు ఒక్కటే చూపిస్తే ఒప్పుకోరు, ఎపిక్ కార్డు (ఫోటో ఉన్న ఓటరు గుర్తింపు కార్డు) గానీ ఆధార్ లాంటిది గానీ ఉండాల్సిందే, ఇది తెలియక వెనక్కి వచ్చిన మనిషి ఆ ఎండలో మళ్ళీ పోడు. మనం ఇచ్చే చీటీ కూడా తెల్ల కాగితమే, దానిమీద గుర్తు, అభ్యర్థి పేరు, పార్టీ పేరు ఏవీ ఉండకూడదు.

తిరగడానికి పెద్ద అడ్డం అపార్ట్‌మెంట్లు. వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు గేటు దగ్గరే సెక్యూరిటీ ఆపేస్తాడు, అసోసియేషన్ వాళ్ళు పార్టీ వాళ్ళని రానివ్వరు. వాళ్ళతో గొడవ పెట్టుకోవడం అనవసరం. టవర్‌కి ఒక కుటుంబాన్ని మనవాళ్ళని చూసుకోండి, వాళ్ళు లిఫ్ట్‌లో, పార్క్‌లో అడిగినా అది తలుపు తట్టినట్టే, నిజానికి బయటి మనిషి కన్నా మేలు.

ఇంక ఫోన్. కాల్ సెంటర్ గొంతు వినగానే కట్ చేస్తారు, ఆ ఖర్చు దండగ. కానీ తెలిసిన మనిషి సొంత నంబర్ నుంచి చేసే ఫోన్‌కి ఒక చోట మాత్రం పోటీ లేదు. బెంగళూరులో అద్దె ఇల్లు మారినంత సులువుగా ఓటు మారదు, బీటీఎంలో ఓటు పెట్టుకుని హూడిలో కాపురం ఉండేవాళ్ళు కొల్లలు, వాళ్ళ ఇంటికి నువ్వెక్కడ పోతావ్? వాళ్ళకి ఫోనే గతి. వారం ముందు ఒకసారి, ఎందుకంటే వాళ్ళు ఆ రోజు సిటీలో ఒక కొస నుంచి ఇంకో కొసకి రావాలి కాబట్టి ముందే ప్లాన్ కావాలి, మళ్ళీ పోలింగ్ రోజు పొద్దున ఒకసారి. ఫోన్లో కూడా అడగాల్సింది టైమే.

వాట్సాప్ సంగతి. పని చేసినట్టు అనిపిస్తుంది, రెండు వందల మందికి ఒక్క నిమిషంలో పోతుంది, నాలుగు దండాల బొమ్మలు వస్తాయి, అక్కడితో ఆగిపోతుంది. అందరికీ పోయిన మాట ఎవరికీ చెప్పిన మాట కాదు. ఫేస్‌బుక్ వాళ్ళు 2010లో అమెరికాలో ఆరు కోట్ల మందికి ఓటేయండి అని మెసేజ్ చూపించారు, ఓటేశామని చెప్పిన స్నేహితుల ఫోటోలు పక్కన ఉంటే కాస్త కదిలారు, ఫోటోలు లేని ఉత్త మెసేజ్‌కి కదలలేదు. అక్కడ కూడా తెలిసిన మొహమే. కాబట్టి గ్రూప్‌ని రెండిటికే వాడండి, బూత్ లొకేషన్ పంపడానికి, పొద్దున ఎనిమిదికల్లా మన వీధివాళ్ళ సిరా వేలి ఫోటోలు పెట్టించడానికి.

మైకు ఆటో, పాంప్లెట్లు ఉంటే ఉన్నాయి లేకపోతే లేదు. ఓటర్లకి ఆటోలు, కార్లు మాట్లాడి పంపుదామా అని కొందరు అడుగుతారు, ఆ పని చేయొద్దు, అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం అది అవినీతి చర్య, గెలిచిన ఎన్నిక కూడా కోర్టులో పోగొట్టుకుంటారు. డబ్బు పంచడాన్ని నేను అసలు పద్ధతుల్లోనే లెక్కపెట్టను.

ప్రచారం ముగిశాక ఆఖరి 48 గంటల్లో అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకి సభలు, మైకులు, బల్క్ ఎస్సెమ్మెస్‌లు బంద్, ఆ నియోజకవర్గంలో ఓటు లేని కార్యకర్తలు ఊరు వదలాలి, ఇద్దరు ముగ్గురు ఇళ్ళకి వెళ్ళి అడగడం మాత్రం కుదురుతుంది. అందుకే వీధి మనిషినే పెట్టుకోమని అంతగా చెప్తున్నా. కార్పొరేషన్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి, వాళ్ళ రూల్స్ రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గర విడిగా కనుక్కోండి.

పది మందే ఉంటే నేనైతే ఏడుగుర్ని వీధుల్లోకి పంపి, ఇద్దర్ని ఇల్లు మారిన వాళ్ళ లిస్టుతో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకర్ని పోలింగ్ రోజు బూత్‌కి 200 మీటర్ల అవతల చీటీల టేబుల్ దగ్గర పెడతాను. చీటీకి వచ్చిన మనవాళ్ళకి లిస్టులో టిక్ పెట్టడం, ఇంట్లోనే చీటీ తీసుకున్న వాళ్ళు అటు పోతుంటే గుర్తుపట్టి టిక్ పెట్టడం అతని పని. మధ్యాహ్నం రెండింటికి ఆ లిస్టులో టిక్ పడని పేర్లు వీధి మనుషులకి ఇవ్వాలి, తొమ్మిదిన్నరకి పోతానన్న అక్క ఇంకా పోలేదంటే మళ్ళీ వెళ్ళి అడగాలి, ఏమక్కా పోలేదా అని. రెండోసారి అడగడానికి మొహమాటపడొద్దు. పోలింగ్ ముగిసే టైమ్‌కి లైన్లో ఉన్న ప్రతి మనిషికీ బూత్ ఆఫీసర్లు చీటీ ఇచ్చి ఓటు వేయనిస్తారు, కాబట్టి దానికి ముప్పావు గంట ముందు తలుపు తట్టినా టైమ్ ఉన్నట్టే.