పవర్‌పాయింట్‌లో గోదారి పారించాను

అమలాపురంలో మా ఎనిమిదో తరగతి పిల్లలకి ధవళేశ్వరం ఆనకట్ట కథ, అదే కాటన్ దొర 1852 నాటికి కట్టించింది, స్లైడ్లలో చూపిద్దామని పవర్‌పాయింట్ యానిమేషన్లతో వారం రోజులు కుస్తీ పట్టాను.

నది గీతకి వైప్ ఎఫెక్ట్ పెడితే మామూలుగా కిందనుంచి పైకి వస్తుంది, గోదారి ఎదురెక్కినట్టు! దాన్ని ‘ఫ్రమ్ టాప్’ చేసి, గౌతమి, వసిష్ఠ పాయలకి ‘విత్ ప్రీవియస్’ ఇస్తే రెండూ ఒకేసారి చీలి దిగుతాయి, చూడముచ్చటగా ఉంది. పడవకి మాత్రం మోషన్ పాత్స్‌లో కస్టమ్ పాత్ తీసుకుని కాలువ వెంబడి మౌస్‌తో గీశాను. చివర డబుల్ క్లిక్ చేయాలని తెలీక మొదటిసారి పడవ కొబ్బరితోటలోకి ఎక్కేసింది. వంకరలుంటే రైట్ క్లిక్ కొట్టి ఎడిట్ పాయింట్స్‌లో సరిచేసుకోవచ్చు. యానిమేషన్ పెయింటర్ అయితే బంగారం, ఒక కాలువకి పెట్టిన ఎఫెక్ట్ ఇంకోదానికి అలాగే అంటించేస్తుంది.

మార్ఫ్ (ఒక స్లైడ్‌లో బొమ్మని తర్వాతి స్లైడ్‌లోని చోటికి మెల్లగా జరిపే ఎఫెక్ట్) వాడేవాళ్లు మాత్రం ముందే చూసుకోండి, 2013 వెర్షన్‌లో అది ఉత్త ఫేడ్‌లా కనిపిస్తుంది. బడి కంప్యూటర్లో ఆ సంగతి నాకు పిల్లల ముందే తెలిసింది, ఒకటే టెన్షన్.

పవర్‌పాయింట్ యానిమేషన్లకి నా మార్కులు ఐదుకి నాలుగు. పిల్లలైతే పడవని మూడుసార్లు నడిపించుకున్నారు.