అటార్వాస్టాటిన్ మాత్రతో ఆరేళ్లు

నలభై ఎనిమిదో ఏట తిరుపతిలో పరగడుపున చేయించుకున్న రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్టరాల్, 186 అని వచ్చింది. ఒంట్లో ఏ బాధా లేదు. నాన్నగారికి యాభై మూడేళ్లకే గుండెపోటు వచ్చిందని చెప్పగానే డాక్టరు గారు అటార్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు రాశారు. రాత్రి భోజనం కాగానే ఒక మాత్ర. మూడు నెలల్లో 108కి దిగింది. మందు బాగా పనిచేస్తుంది, అందులో నాకు అనుమానం లేదు.

తప్పు నాదే. రెండో ఏడాది 96 చూసి, జబ్బు నయమైందనుకుని ఎవరికీ చెప్పకుండా మానేశాను. తాలింపులో నూనె తగ్గించి, రాగిసంగటి, ఆకుకూర పప్పుతో సరిపెట్టుకున్నాను. నాలుగు నెలల తర్వాత మళ్లీ 171! తిండి వల్ల తగ్గింది ఆ కాస్తే. మిగతాది నా కాలేయం తయారుచేస్తున్నదే. ఈ మాత్ర ఆపేది ఆ తయారీనే. వేసుకున్నన్నాళ్లే దాని పని.

కాళ్ల నొప్పుల సంగతి కూడా చెప్పాలి. నాలుగో ఏడాది అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి వచ్చాక పది రోజులైనా తొడలు వదల్లేదు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. ఈ మందు వల్ల కండరాలు దెబ్బతిన్నాయేమో సీకే అనే రక్తపరీక్షలో తెలుస్తుందట. మెట్లెక్కినా ఆ సీకే పెరుగుతుందని, వారం విశ్రాంతి తీసుకున్నాకే ఆ పరీక్ష చేయించమన్నారు డాక్టరు గారు. ఫలితం మామూలుగానే ఉంది. అయినా నొప్పి పోకపోవడంతో మోతాదు 10కి తగ్గించి, పేగుల్లో కొలెస్టరాల్ ఒంటికి పట్టకుండా చూసే ఎజెటిమైబ్ 10 కలిపారు. మూడు వారాల్లో నొప్పి పోయింది. ఎల్‌డీఎల్ ఇప్పుడు 94. ఈ మందులతో కొందరికి రక్తంలో చక్కెర కొద్దిగా పెరుగుతుందట, అందుకని ఏటా అదీ చూపించుకుంటున్నాను.

చిత్తూరులో ఉండే మా తమ్ముడికి నలభై నాలుగేళ్లు. ఒక్కసారి కూడా ఈ పరీక్ష చేయించుకోలేదు. "నాకేం బాధ లేదన్నా" అంటాడు. నాకూ అప్పుడు లేదు. శనివారం పొద్దున్నే ఏమీ తినకుండా సిద్ధంగా ఉండమని చెప్పాను. మొదటి బస్సుకే వెళ్తున్నాను.