చైనాలో మా హాలు గోడకు చేర్యాల పటం

చేర్యాలలో ఒక నకాషీ కళాకారుడి (గుడ్డ మీద కథల బొమ్మలు గీసేవాళ్లు నకాషీలు) దగ్గర చేయించుకున్న భావనాఋషి పటం గురించి రాస్తున్నాను. నేతపని చేసే మా పద్మశాలీల మూలపురుషుడు భావనాఋషి, ఆయన కథను బొమ్మల్లో చెప్పే పొడుగాటి గుడ్డే ఈ పటం. ఇది ఇప్పుడు చైనాలో, జెజియాంగ్ రాష్ట్రం షావోషింగ్ నగరంలోని కెచ్యావ్‌లో, మా అద్దె ఇంటి హాల్లో ఉంది. బట్టల వ్యాపారం తెలిసినవాళ్లకు కెచ్యావ్ తెలిసే ఉంటుంది. అంత పెద్ద గుడ్డల మార్కెట్ ఇంకెక్కడా చూడలేదు నేను. అక్కడ ఒక ఎగుమతి ఆఫీసులో గుడ్డ నాణ్యత చూసే ఉద్యోగం నాది. సొంతూరు వరంగల్, కొత్తవాడ. మా తాత జంపఖానాలు నేసేవాడు. బాపు మగ్గం వదిలేసి అద్దకం పనికి పోయాడు.

పటం ఎందుకంటే, అక్కడ మనం ఎవరమో చెప్పేవన్నీ కాగితాలే. పాస్‌పోర్టులో అంటించిన రెసిడెన్స్ పర్మిట్, ఉద్యోగానికి పర్మిట్. ఇల్లు మారితే 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి. మా పాప షావోషింగ్ ఆసుపత్రిలోనే పుట్టింది. అయినా తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే అక్కడ పుట్టినంత మాత్రాన చైనా పౌరసత్వం రాదు. 1980 నాటి వాళ్ల జాతీయత చట్టం అది. షాంఘైలోని మన కాన్సులేట్‌లో ఏడాదిలోపు పుట్టుక నమోదు చేయించి, భారత పాస్‌పోర్టు తీసుకున్నాం. ఆ పిల్ల మాత్రం స్కూల్లో చైనీస్, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, తనది ఏ ఊరని అడిగితే కెచ్యావ్ అంటుంది. నాకు అది బాధ కాదు కానీ, కొత్తవాడ కూడా తనదేనని తెలియాలి కదా.

మా ఇంటి ఓనరు పెద్దాయన ఒకసారి వాళ్ల వంశం పుస్తకం చూపించాడు. జుపు అంటారు దాన్ని. ఎవరి కొడుకు ఎవరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. ఒక తరంలో పుట్టిన అన్నదమ్ములందరి పేర్లలోనూ ఒకే అక్షరం ఉంటుంది, దాన్నిబట్టే ఎవరు ఏ తరమో తెలిసిపోతుంది. మావో కాలంనాటి సాంస్కృతిక విప్లవం (1966–76) రోజుల్లో ఇట్లాంటి పుస్తకాలు చాలా కాలిపోయాయి. 1980ల నుంచి మళ్లీ రాయించుకుంటున్నారు. ఆయనదీ అట్లా మళ్లీ అచ్చు వేయించిందే. మీకేముంది అని అడిగాడు. మాకు రాసిన పుస్తకం లేదు, బొమ్మలు చూపిస్తూ పాట పాడేవాళ్లు ఉన్నారని చెప్పాను.

నిజంగానే మనకున్నది అదే. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, ఇట్లా ఒక్కో కులానికి కథ చెప్పేవాళ్లు వేరు. వాళ్ల కోసం పటాలు గీసిందే చేర్యాల నకాషీలు. ఇప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ, మాకు అది ఎప్పుడూ వరంగల్ జిల్లానే.

ఇక పని గురించి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఎండబెట్టారు. గుడ్డలు చూసి బతికేవాడిని కాబట్టి ముందు వెనకవైపు చూశాను. పూత ఎక్కడా పొక్కలేదు, అంచు వంకర పోలేదు. బొమ్మల వెనక నేల రంగు అంతా ఇటుక ఎరుపు. ముఖాలు, నగలు, మీసాలు సన్నటి నల్ల గీతతో తేల్చారు. మార్కండేయుడి యజ్ఞం, విష్ణువు బొడ్డు తామర నుంచి తీసిన దారం, భద్రావతితో భావనాఋషి పెళ్లి, పులి, నూటొక్క గోత్రాలు, అన్నీ పై నుంచి కిందికి వరుసల్లో ఉన్నాయి. ఆ పులి కళ్లు ఒక్కటి చాలు డబ్బు పెట్టినందుకు. రంగుల విషయం ముందే అడగండి. బజారులో దొరికే రంగులు వాడటం ఇప్పుడు మామూలైంది. రాళ్ల నుంచి, మసి నుంచి చేసిన రంగులే కావాలంటే ధర, సమయం రెండూ పెరుగుతాయి.

మా తాత మగ్గం, కొత్తవాడ గల్లీ కూడా పటం మధ్యలో ఎక్కడైనా పెట్టమని కళాకారుణ్ణి అడిగాను.

"కథ వరుస మార్చొద్దు తమ్మీ. దేని తర్వాత ఏది వస్తదో పాడేటోనికి ఎరుక. నీ మగ్గం అడుగున ఒక వరుసల పెడ్త" అన్నాడు.

"సరే అన్నా" అన్నాను. ఆయన చెప్పిందే సరైనది. మధ్యలో పెడితే కథ తెగిపోయేది.

లోపం ప్యాకింగ్‌లో. సరుకు పంపే ఒక సంస్థవాళ్లు మడత పెట్టి డబ్బాలో పెట్టబోయారు. మడత పెడితే పూత పగులుతుంది. లావుపాటి గొట్టానికి చుట్టించి నేనే చేతిలో తీసుకుపోయాను. ఇంకో జాగ్రత్త: జెజియాంగ్‌లో జూన్‌లో పట్టుకునే ముసురుకు గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ నెలంతా గోడకు ఆనకుండా వేలాడదీసి, గాలిలో తేమ లాగే మిషన్ పెట్టాం. బూజు రాలేదు.

ఓనరు పెద్దాయన వచ్చి పటం చాలాసేపు చూశాడు. పట్టు తీయడం నేర్పిన తల్లి మాకూ ఉంది, పేరు లెయిజు, మా మూలపురుషుడు పసుపు చక్రవర్తి భార్య అన్నాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇందులో మీ తరం ఎక్కడ అని. అడుగు వరుసలో మగ్గం చూపించాను. మా పాప ముందుకొచ్చి, అది మా తాత తాతది అని చైనీస్‌లో చెప్పింది. వరుస ఒకటి ఎక్కువైంది కానీ నాకు కడుపు నిండింది.

కొనేవాళ్లకు ఒక మాట. చిన్న ఫ్రేము బొమ్మలు బహుమతికి బాగుంటాయి, వంశం కథ కావాలంటే మాత్రం నిలువు పటమే చేయించుకోండి. అసలు అది పాడేవాడి చేతిలో ఉండాల్సిన వస్తువు, పాట లేకుండా సగమే. అందుకని కళాకారుణ్ణి వరుస వరుసకూ వేలు పెట్టి కథ చెప్పమని ఫోన్‌లో వీడియో తీసుకున్నాను. పాప అది చూసే పేర్లు నేర్చుకుంది. మీరూ ఆ వీడియో తీసుకోకుండా పటం చుట్టించకండి.