చెన్నైలో బడ్జెట్‌లో .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్: పాత బ్రనో మోడల్ 2 మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. లైసెన్సు చేతికొచ్చి, రేంజ్‌లో కాగితం మీద సరదాగా కాల్చుకోవడానికి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో గుండుకీ చేత్తో బోల్ట్ లాగి తోసేది) వెతుకుతున్నవాళ్లు .22 (0.22 అంగుళాల సన్న తూటాది) తీసుకోండి. అందులోనూ బ్యారెల్ (గొట్టం) బాగున్న, చెకోస్లొవేకియాలో చేసిన పాత బ్రనో మోడల్ 2 దొరికితే ఇంకేం ఆలోచించకుండా మాట్లాడేసుకోండి. నేను వాడేది అదే. ఎందుకు అదే అని క్లబ్బులో కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాళ్లు ప్రతిసారీ అడుగుతున్నారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎక్కువమంది యూట్యూబ్ చూసి వస్తారు. అక్కడ అమెరికావాళ్లు సావేజ్ మార్క్ 2, రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ లాంటివి చవకలో బెస్ట్ అంటారు, ఆ మాట నిజమే, కానీ ఆ రైఫిళ్లు మన షాపుల్లో ఉండవు. 1980ల నుంచి మన దేశంలో మామూలు లైసెన్సుదారులకి తుపాకుల దిగుమతి బంద్. ఎన్‌ఆర్‌ఏఐ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) లెక్కలో పేరున్న షూటర్లు మాత్రమే అనుమతితో బయటినుంచి తెప్పించుకోగలరు. మిగతావాళ్లకి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి పశ్చిమ బెంగాల్‌లోని ప్రభుత్వ ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీది కొత్తగా కొనుక్కోవడం, రెండోది ఆ రోజుల్లో దిగుమతై ఇప్పటికీ చేతులు మారుతున్న పాత విదేశీ రైఫిల్ పట్టుకోవడం. యూరప్‌లో పొలంలో కుందేళ్లు కొట్టడానికి వాడే సాదా రైఫిల్‌కి ఇక్కడ అంత ధర పలకడానికి కారణం ఇదే. కాబట్టి అమెరికా ధరల్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని దిగులు పడొద్దు, మన మార్కెట్‌లో చవక అనే లెక్కే వేరు.

ఇంకో గందరగోళం .315, అంటే .22 కన్నా చాలా పెద్ద తూటా కాల్చే రైఫిల్. షాపుకెళ్లి బోల్ట్ యాక్షన్ అనగానే చాలాచోట్ల ముందు ఇషాపూర్ .315 తీసి చూపిస్తారు. గట్టి రైఫిల్, బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ యాక్షన్ మీద కట్టింది, దాని తూటా పాత ఆస్ట్రియా సైన్యం వాడిన 8×50 మాన్లిచర్. సైన్యం వాడే .303 మామూలు జనం చేతిలో పడకూడదన్న బ్రిటిష్ కాలపు పట్టుదల వల్ల ఈ సైజు మన దేశంలో నిలబడింది. తోటలకీ పొలాలకీ కాపలా అంటే సరే. సరదాగా ఒక పూట కూర్చుని యాభై గుళ్లు కాల్చాలనుకునేవాడికి మాత్రం అది పనికిరాదు. తూటా ఖరీదు, భుజం మీద దెబ్బ, అంత పెద్ద తూటా కాల్చనిచ్చే రేంజ్ దొరక్కపోవడం, మూడూ కలిసి కొన్న నెలకే రైఫిల్‌ని బీరువాలో పెట్టించేస్తాయి. మన క్లబ్బుల్లో 25 మీటర్లు, 50 మీటర్ల లైన్లు ఎక్కువగా .22 కోసమే ఉన్నాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) ఆడేది కూడా .22తోనే. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, గుండు వెడల్పు 5.6. ఈ ఆట ఎంత సూక్ష్మమో అర్థం కావడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇక ఇషాపూర్ .22 సంగతి. 1904 నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీ, 2021లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని కంపెనీలుగా విడగొట్టాక అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. కొత్తది, బిల్లుతో వస్తుంది, పాత యజమాని కాగితాల టెన్షన్ ఉండదు. మొదటి రైఫిల్‌గా తీసుకుంటానంటే నేను వద్దనను. ట్రిగ్గర్ మాత్రం కాస్త బరువుగా అనిపిస్తుంది, వేలు అలవాటు పడాలి. ఒకటికి రెండు పీసులు తీయించి, బోల్ట్ తిప్పి చూసి, నచ్చింది ఎంచుకోండి. అయితే బ్రనో పక్కన పెట్టి రెండూ కాల్చినవాళ్లు మళ్లీ బ్రనో వైపే చెయ్యి చాస్తారు, అందులో నాకు అనుమానం లేదు.

బ్రనోలో ఏముందంటే, ముందుగా బోల్ట్. పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఎక్కడా గీరుకోకుండా వస్తుంది, ముందుకి తోసి దించితే గట్టిగా, ఖాళీ లేకుండా కూర్చుంటుంది. వయసు నా కన్నా పెద్దదైన రైఫిల్ ఇది. చెకోస్లొవేకియా అనే దేశమే ఇప్పుడు లేదు, ఆ దేశంలో చేసిన బోల్ట్ మాత్రం ఇంకా బిగువు తగ్గలేదు. కింద అయిదు గుళ్ల మ్యాగజైన్, ఊడదీసుకోవచ్చు. గురి చూసే వెనక సైట్ మీద దూరం అంకెలు చెక్కి ఉంటాయి, చిన్న మీట జరిపితే ఎత్తు మారుతుంది. రిసీవర్ (బోల్ట్ కదిలే భాగం) మీద టెలిస్కోప్ బిగించడానికి గాడి ఉంది. మరీ బరువు కాదు, క్లబ్బులో ఉండే అన్‌షుట్జ్ 1907 లాంటి మ్యాచ్ రైఫిల్ ఎత్తి దించిన చేతికి ఇది తేలిగ్గా ఉంటుంది. పోటీకి ఆ బరువే లాభం, కానీ ఆదివారం పొద్దున పడుకుని కాసేపు, కూర్చుని కాసేపు కాల్చుకునేవాడికి ఇదే సుఖం. సీజెడ్ 452 దీని తర్వాతి తరం, అది దొరికినా కళ్లకద్దుకుని తీసుకోండి. ఒక్క జాగ్రత్త, 452లో సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) మిగతావాటికి తిరగబడి ఉంటుంది, ముందుకి తోస్తే సేఫ్, వెనక్కి లాగితే ఫైర్. కొత్త 457లో దీన్ని మార్చారు. వేరే రైఫిల్‌కి అలవాటు పడ్డవాళ్లు చేతిలోకి తీసుకోగానే ముందు ఇది చూసుకోవాలి.

నాది 50 మీటర్లలో, ముందు సంచి ఆనించి, దానికి కుదిరే తూటా పడితే, అయిదు రంధ్రాలూ పది రూపాయల నాణెం కింద దాక్కుంటాయి. సరదా ఆటకి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ పాతది కొనడం అంటే చూసి కొనడం. క్లబ్బులో ఒక పెద్దాయన, నెల్లూరాయన, ఎన్నో రైఫిళ్లు చూసిన మనిషి, నాతో అన్నమాట ఇది: "బాబూ, కర్ర మెరుపు చూడకు. బోల్ట్ తీయించి గొట్టంలోకి చూడు, ఆ తర్వాతే ధర అడుగు." "షాపువాళ్లు తీయనిస్తారా అండీ?" అని అడిగితే, "తీయనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చెయ్" అన్నారు. ఒక షాపులో నిజంగానే తీయనివ్వలేదు, నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

బోల్ట్ తీశాక వెనకవైపు తెల్ల కాగితం ముక్క పెట్టి, వెలుతురు పడేలా ఉంచి, ముందు కొసనుంచి చూడండి. గాడులు అంచులు తేరి, మెలి తిరుగుతూ స్పష్టంగా కనబడాలి. నల్లటి మచ్చలు, గుంటలు ఉంటే అది తుప్పు తిన్న గొట్టం, ధర ఎంత తగ్గించినా వద్దు. తర్వాత బ్యారెల్ ముందు కొస, గుండు చివరగా వదిలే అంచు. అక్కడ చిన్న నొక్కు ఉన్నా గుండు పక్కకి పోతుంది. పాత రైఫిళ్లని ముందువైపునుంచి రాడ్డు దూర్చి తుడిచిన ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ రాపిడి ఈ అంచు మీదే పడుతుంది.

అందరూ మర్చిపోయేది చాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచు. .22 తూటాకి మందు అంటించే రసాయనం మధ్యలో కాదు, అడుగు అంచు చుట్టూ ఉంటుంది, అందుకే ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద కొడుతుంది, దీన్నే రిమ్‌ఫైర్ అంటారు. లోపల తూటా లేకుండా ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే ఆ పిన్ను కొన్ని పాత రైఫిళ్లలో నేరుగా చాంబర్ ఉక్కు మీదే పడుతుంది. ఏళ్ల తరబడి పిల్లలు ఆడుకున్న రైఫిల్‌లో ఆ చోట సొట్ట పడి లోపలికి పొంగుతుంది, తూటా దూరడం కష్టం, కాల్చిన ఖోకా (ఖాళీ తూటా డొల్ల) బయటికి రావడం ఇంకా కష్టం. గోటితో తడిమితే తెలిసిపోతుంది. అమ్మే ఆయన ఒప్పుకుంటే క్లబ్బు రేంజ్‌లో రెండు గుళ్లు కాల్పించి ఖోకాలు చేతిలోకి తీసుకుని చూడండి. పిన్ను గుర్తు లోతుగా, ప్రతిదానికీ ఒకేచోట పడితే సంతోషం.

తూటాల విషయంలో జనం పొదుపు తప్పుచోట చేస్తారు. రైఫిల్ ఖర్చు ఒక్కసారి, తూటాల ఖర్చు ఎప్పటికీ. ప్రాక్టీసుకి మన ఖడ్కీ ఫ్యాక్టరీ కేఎఫ్ తూటా చాలు, షాపుల్లో దొరుకుతుంది, దిగుమతి సరుకు కన్నా చవక. ఈలీ, ఎస్‌కే, లాపువా లాంటివి షూటర్లకి దొరికినప్పుడు ఒక్కో డబ్బా తీసుకుని ఒకే రోజు, ఒకే గాలిలో, 50 మీటర్లలో అయిదేసి గుళ్ల గ్రూపులు (ఒకే గురికి కాల్చిన గుళ్ల రంధ్రాల గుంపు) కాల్చి పోల్చుకోండి. ఖరీదైనదే బాగా పడుతుందని లేదు, ప్రతి గొట్టానికీ ఒక ఇష్టం ఉంటుంది. హై వెలాసిటీ అని రాసిన డబ్బా జోలికి మాత్రం టార్గెట్ కోసం పోవద్దు. అది ధ్వని వేగం దాటి బయల్దేరి దారిలో ఆ వేగం కిందికి దిగుతుంది, ఆ దిగేటప్పుడు గుండు కుదుపుకి లోనై గ్రూపు విచ్చుకుంటుంది. స్టాండర్డ్ తూటా మొదటినుంచే ధ్వని వేగానికి కొంచెం కిందే ఉంటుంది. ఒకసారి 50 మీటర్లకి సైట్ సరిచేసుకున్నాక 100కి వెళ్తే గుండు సుమారు జానెడు కిందికి పడుతుంది, రైఫిల్ పాడైందని కంగారు పడొద్దు. లైసెన్సు మీద ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అని రాసి ఉంటుంది, షాపుకి వెళ్లేముందు ఆ అంకె చూసుకోండి.

టెలిస్కోప్ తీసుకునేవాళ్లు రిమ్‌ఫైర్ కోసం చేసిందే అడగండి. పెద్ద రైఫిల్ స్కోపులు చాలావరకు 100 గజాలకి కుదిర్చి ఉంటాయి, 50లో కన్ను కొంచెం కదిలినా గురి కదిలినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లు కొన్నాళ్లు ఇనుప సైట్లతోనే కాల్చడం మేలు, అందులో ఊపిరి, ట్రిగ్గర్ రెండూ దారికొస్తాయి.

చెన్నైలో అసలు శత్రువు సముద్రపు గాలి. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉండేవాళ్లకి కిటికీ చువ్వలకి ఏమవుతుందో తెలుసు, బ్యారెల్‌కి కూడా అంతే. కాల్చి ఇంటికి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, చెయ్యి తగిలిన ఇనుము అంతా నూనె గుడ్డతో తుడవాలి. చెమట వేలిముద్ర తెల్లారేసరికి ఎర్రగా తేలుతుంది. రెగ్జిన్ కవర్లో, తోలు సంచిలో పెట్టి దాచొద్దు, అది తేమని లోపలే పట్టి ఉంచుతుంది. తాళమున్న బీరువాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అవి రంగు మారగానే మార్చండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కర్ర ఉబ్బి బ్యారెల్‌కి తగులుతుంది, ఎండాకాలంలో సరిచేసిన గురి అప్పుడు తప్పుతుంది. మరమ్మతుకి పరిగెత్తేముందు కింద స్క్రూలు సమానంగా బిగిసి ఉన్నాయో లేదో చూసుకుని, మళ్లీ సైట్ సరిచేసుకుంటే చాలు.

కాగితాల విషయం. లైసెన్సు లేకుండా బేరం మొదలుపెట్టొద్దు. 21 ఏళ్లు నిండాలి, తుపాకీ భద్రంగా వాడటంలో శిక్షణ సర్టిఫికెట్ కావాలి, సిటీలో లైసెన్సు పోలీసు కమిషనర్ ఆఫీసు ఇస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు అయిదేళ్లు. ఒక లైసెన్సుదారు నుంచి ఇంకో లైసెన్సుదారు కొనేటప్పుడు, అమ్మే మనిషి ముందుగా అధికారులకి రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలని ఆయుధ చట్టం చెబుతుంది. కాబట్టి అడ్వాన్సు ఇచ్చి వారంలో తెచ్చేసుకుందాం అనుకోకండి, తొందర పెట్టే అమ్మకందారు దగ్గర అసలే కొనకండి. రైఫిల్ మీద నంబరు, లైసెన్సులో నంబరు ఒక్క అంకె తేడా లేకుండా సరిపోవాలి. ఎలక్షన్ వస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు, పోటీల్లో ఆడే షూటర్లు అసోసియేషన్ లెటర్ పెట్టి మినహాయింపు అడుక్కోవచ్చు.

లైసెన్సు ఇంకా రానివాళ్లు ఊరికే కూర్చోవద్దు. .177 సైజులో, గుండు శక్తి 20 జౌల్స్ దాటని ఎయిర్ రైఫిల్‌కి (గాలితో కాల్చేది) ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. దానితో పట్టు, ఊపిరి, ట్రిగ్గర్ నేర్చుకోండి. ఈలోగా క్లబ్బులో చేరితే అక్కడి .22 కూడా కాల్చి చూడొచ్చు, అప్పుడు మీకు ఏది నచ్చుతుందో మీకే తెలుస్తుంది.

బ్రనోతో నాకున్న ఇబ్బంది ఒక్కటే, విడి భాగాలు. ఎక్స్‌ట్రాక్టర్ (ఖోకాని బయటికి లాగే కొక్కెం), స్ప్రింగులు, మ్యాగజైన్లు కొత్తవి దొరకడం కష్టం. కొనేటప్పుడే రెండో మ్యాగజైన్ ఉందేమో అడిగి బేరంలో కలుపుకోండి. సీజెడ్ 452 మ్యాగజైన్ దీనికి పడుతుంది. పది గుళ్లది చెన్నైలో గానీ బెంగళూరులో గానీ ఏ షాపులోనైనా కనిపిస్తే కింద రాయండి, ఇక్కడ మా క్లబ్బులో దానికోసం ఎదురుచూస్తున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం.