షట్టర్ టీవీతో ఎనిమిదేళ్లు

ముందే చెప్పేస్తాను. ఈ పాత టీవీలో బొమ్మ తెప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. వచ్చిన బొమ్మకు రోజూ మేత వెయ్యడమే, అంటే ఈ కాలపు సిగ్నల్ అందించడమే కష్టం. కొనాలనుకునేవాళ్లు చాలామంది మొదటిదాని గురించే అడుగుతారు, రెండోదాని గురించి ఒక్కరూ అడగరు.

2017 దసరా సెలవుల్లో తిరుపతి కొర్లగుంట వైపు ఒక పాత సామాన్ల అంగడిలో మూడున్నర వేలకు కొన్నాను. నాలుగు కాళ్ల చెక్క పెట్టె, రెండు పక్కలకూ జరిగే షట్టర్లు, 51 సెంటీమీటర్ల నలుపు తెలుపు తెర. కంపెనీ బిళ్ల నా దగ్గరికి రాకముందే ఊడిపోయింది. అంగడాయన సాలిడేర్ అన్నాడు, మెకానిక్ డయనోరా అంటాడు, మా తమ్ముడు ఈసీ టీవీయేనని పందెం కాస్తాడు. మొదటి రెండూ మద్రాసు సరుకు, మూడోది హైదరాబాదు ఈసీఐఎల్‌ది. పిక్చర్ ట్యూబు మీద మాత్రం బెంగళూరు బీఈఎల్ ముద్ర స్పష్టంగా ఉంది. ఆ ముద్రతో పందెం తేలదు, ఎందుకంటే ట్యూబు ఒకరిది, పెట్టె ఇంకొకరిది కావడం ఆ రోజుల్లో మామూలే.

నాకు షట్టరే ముఖ్యం. నా చిన్నప్పుడు చంద్రగిరిలో మేం బాడుగకున్న ఇంటివాళ్లకు ఇట్లాంటిదే ఉండేది. మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. మా వైపు ఎవరింటి మీద ఏరియల్ లేచినా ఆగ్నేయం మూలకే తిరిగేది. శుక్రవారం సాయంత్రం తమిళ సినిమా పాటలకు వీధి వీధంతా వాళ్ల నడవలో కూర్చునేది. ఓనరమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి షట్టరు జరిపితే అదొక గుడి తలుపు తెరిచినట్టే. తెరకు ముందు రంగు ప్లాస్టిక్ అద్దం తగిలించారు. పైన నీలం, మధ్యలో నారింజ, కింద ఆకుపచ్చ. హీరో అయినా విలన్ అయినా నుదురు నీలంగా, పొట్ట ఆకుపచ్చగా కనిపించేవాడు. అదే మాకు కలర్ టీవీ. అసలు రంగు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది వచ్చింది.

సరే, రిపేరు సంగతి. తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టబోయాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని, నాకే బుద్ధి లేకపోయింది. ఫోన్‌లో మెకానిక్ అరిచాడు: "పెట్టబాకండి మేడం! ముప్పయ్యేళ్లు పండుకున్నోణ్ణి లేపి పరిగెత్తమంటే ఏమవుతాడు?"

ఆయన వచ్చి ముందు సీరీస్ బోర్డు పెట్టాడు. 100 వాట్ల బల్బు గుండా టీవీకి కరెంటు ఇచ్చాడన్నమాట. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, టీవీకి ఏమీ కాదు. మాది నిండుగా వెలిగింది. వెనక మూత తీస్తే పెద్ద కండెన్సర్ బొడ్డు ఉబ్బి ఉంది, పక్కనే ఎండిపోయిన బల్లి. కండెన్సర్లలో ఉండే ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఆరిపోతుంది, వాడినా వాడకపోయినా. అందుకే ఉబ్బినవి, బాగున్నవి అని చూడకుండా ఆ రకానివి 23 మార్చేశాం. బీయూ205 ట్రాన్సిస్టర్ ఒకటి పోయింది, అది దొరికింది. ట్యూబుకు పెద్ద వోల్టేజి తయారుచేసే ట్రాన్స్‌ఫార్మర్, అదే ఎల్ఓటీ, మాత్రం బాగుంది. అది పోయి ఉంటే ఈ సమీక్ష ఉండేది కాదు, పెట్టెలో పుస్తకాలు పెట్టుకునేదాన్ని. మొదటిసారి తెర వెలిగినప్పుడు మధ్యలో అడ్డంగా ఒక్క తెల్లగీత మాత్రమే వచ్చింది. నేను డీలా పడ్డాను. ఆయన నవ్వాడు. "ట్యూబు బతికే ఉండాది మేడం, అదే చాలు. గీతను సాగదియ్యడం నా పని." నిలువు స్కానింగ్ భాగం బాగుచేశాక ఆ గీత నిజంగానే పైకీ కిందికీ సాగి తెర నిండింది.

ఒక హెచ్చరిక. ఇట్లాంటి చాలా సెట్లలో ఇంటి కరెంటు తీగల్లో ఒకటి నేరుగా లోపలి ఇనుప చట్రానికే (ఛాసిస్) కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ మొత్తం ఫేజు. ఇంటి కరెంటు తీగలకూ టీవీకీ నేరు సంబంధం తెంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేను దీన్ని నడపను. ట్యూబుకు అందే వోల్టేజి 15 వేల పైమాటే, స్విచ్చి కట్టేశాక కూడా అది ట్యూబులో నిలవ ఉంటుంది. దుమ్ము తుడవడానికి వెనక మూత తియ్యొద్దు.

వడ్రంగి పని నాకు ఎక్కువ నచ్చింది. షట్టరంటే సన్నని చెక్క పట్టీలను గుడ్డ మీద వరసగా అతికించినది. ఆ గుడ్డ చివికిపోయి పట్టీలు దండ తెగిన పూసల్లా రాలుతున్నాయి. కొత్త కాన్వాసు మీద ఒక్కొక్కటే అతికించి, జారే గాడికి కొవ్వొత్తి మైనం రాశారు. ఎనిమిదేళ్లయినా ఇప్పటికీ ఒక్క వేలితో జరుగుతుంది. పెట్టెకు మెరిసే వార్నిష్ వద్దన్నాను. స్పిరిట్‌లో లక్క కరిగించిన పాలిష్ నాలుగు పూతలు చాలు.

ఇక మేత సంగతి. ఏరియల్ పెడితే వచ్చే కాలం పోయింది. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దేశంలో దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఈ టీవీకి ఉన్నది ఏరియల్ రిబ్బన్ వైరు బిగించే రెండు స్క్రూలు మాత్రమే. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే మూడు రంగుల పిన్నులు ఎక్కడ గుచ్చాలి? మధ్యలో ఆర్ఎఫ్ మాడ్యులేటర్ కావాలి, అంటే ఇంట్లోనే ఒక బుల్లి దూరదర్శన్ కేంద్రం. చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒకటి కొన్నాను. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. వారం రోజులు స్పీకర్‌ను అనుమానించాం. కారణం చివరికి అర్థమైంది. అది అమెరికా పద్ధతి మాడ్యులేటర్. అక్కడ బొమ్మ ఫ్రీక్వెన్సీకీ శబ్దం ఫ్రీక్వెన్సీకీ మధ్య దూరం 4.5 మెగాహెర్ట్జ్, మన పద్ధతిలో 5.5. బొమ్మను ఫైన్ ట్యూనింగ్‌తో పట్టుకోవచ్చు, శబ్దం మాత్రం టీవీ వెతికే చోట ఉండదు. కొనేముందు మన పద్ధతి పేరు పీఏఎల్-బీ అని రాసి ఉందో లేదో చూడండి. నాకు రెండోది కొనాల్సి వచ్చింది.

తర్వాత మనుషులంతా సన్నగా, పొడుగ్గా సాగారు. సెట్‌టాప్ బాక్సులో 4:3 లెటర్‌బాక్స్ పెడితే, అంటే పైనా కిందా నల్ల పట్టీలు వదిలితే, మామూలయ్యారు. బొమ్మ అంచులు పెట్టె లోపలికి పోతాయి కాబట్టి కింద పాకే వార్తల అక్షరాలు రెండు కొసల్లో తెగుతాయి. ఎర్ర అక్షరాలు ముదురు ఆకుపచ్చ పట్టీ మీద వస్తే రెండూ దాదాపు ఒకే బూడిద రంగు, ఏమీ చదవలేం. క్రికెట్ స్కోరు చూడ్డానికి ఇది పనికిరాదు. ఎస్వీబీసీలో కల్యాణోత్సవం మాత్రం దీంట్లోనే చూస్తాను. మధ్యాహ్నం షట్టరు తీసి, తెర వెచ్చబడేదాకా ఆగి, మెల్లగా తేలే స్వామిని చూస్తుంటే కొత్త టీవీలో ఆ ఆగడం లేదనిపిస్తుంది. గరుడ సేవ రాత్రి దీపాలు నలుపు తెలుపులో ఎంత బాగుంటాయో మా ఆయన కూడా ఒప్పుకున్నాడు.

వాడుకలో తెలిసినవి ఇంకొన్ని. ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, గుణిస్తే 15,625. ఎల్ఓటీ సెకనుకు అన్నిసార్లు కంపించి సన్నగా ఈల వేస్తుంది. అరవై దాటిన నా చెవికి అది అందదు. మనవరాలు హాల్లో అడుగుపెట్టగానే "అవ్వా, దోమ!" అంటుంది. నవంబరు వానల్లో చెమ్మకు వెనక నుంచి చిటచిటమని శబ్దం, ఒక రకం ఘాటు వాసన వస్తాయి. అప్పుడు కట్టేసి, హెయిర్ డ్రయ్యర్ కాదు, ఫ్యాన్ గాలికి రెండు రోజులు వదిలెయ్యాలి. 2021 నవంబరు వరదల్లో మా ఇంట్లోకి జానెడు నీళ్లు వచ్చాయి. సోఫా పోయింది, గోడకానించి కింద పెట్టిన రెండో పాత సెట్టు పోయింది. దీన్ని మాత్రం దాని కాళ్లే కాపాడాయి. ఆ పోయిన సెట్టు ఇప్పుడు దీనికి విడిభాగాల డబ్బా.

మూలన పెట్టి చూసుకోవడానికే కొంటే పాడవుతుంది. నేను వారానికి రెండుసార్లైనా గంటసేపు నడుపుతాను. వెనక గోడకు జానెడు ఎడం ఉంచాను, పైన లేసు గుడ్డ, పూలకుండీ పెట్టనివ్వను. వేడి పోవడానికి అక్కడే దారి.

ఖర్చు దాచను: సెట్టు 3,500, విడిభాగాలు 1,400, మెకానిక్ 3,000, వడ్రంగికీ పాలిష్‌కీ కలిపి 4,200, ట్రాన్స్‌ఫార్మర్ 1,800, రెండు మాడ్యులేటర్లు 2,100. మొత్తం 16,000. ఆ డబ్బుకు 32 అంగుళాల కొత్త టీవీ వచ్చి ఇంకా మిగిలేదని మా అబ్బాయి లెక్క. నిజమే, ఆ కొత్తది కూడా మా ఇంట్లోనే ఉంది, పడకగదిలో.

ఒక్కటి మాత్రం ఈ రోజుకీ కుదరలేదు. ఫైన్ ట్యూనింగ్ బిరడా. ఎన్ని అంగళ్లు తిరిగినా సరిపోయేది దొరకలేదు. ప్రస్తుతానికి కొబ్బరినూనె సీసా మూతకు లోపల కాగితం కుక్కి బిగించాను. చుట్టాలొస్తే షట్టరు అక్కడిదాకా లాగేస్తాను.