పక్కదుప్పట్లకి 24 యూరోలు

ఫ్రాన్స్ పల్లెల్లో 'జీత్' అని అద్దెకిచ్చే ఇల్లు తీసుకుంటే, డబ్బు కట్టేముందు "దుప్పట్లు మీరే ఇస్తారా?" అని అడగండి. నవ్వకండి. మేం అడగలేదు.

మేముండేది తులూజ్‌లో. నూజివీడు నుంచి వచ్చిన అమ్మని వెంటబెట్టుకుని మే నెలాఖర్లో సెరే అనే ఊళ్లో జరిగే చెర్రీల పండగకి బయల్దేరాం. స్పెయిన్ సరిహద్దుకి దగ్గర్లో, పిరనీస్ కొండల పాదాల దగ్గరుంటుంది ఆ ఊరు. ఫ్రాన్స్‌లో చెర్రీలు ముందుగా పండేది అక్కడే. తొలికోత బుట్ట దేశాధ్యక్షుడికి పంపడం ఆనవాయితీ.

రెండు రాత్రులకి 148 యూరోలు ముందే కట్టాం. తీరా వెళ్తే మంచాల మీద ఉత్త పరుపులు! ఓనరమ్మ గుమ్మంలోనే లెక్క చెప్పింది: దుప్పట్లకి మనిషికి 8 చొప్పున 24, వెళ్లాక ఇల్లు కడగడానికి 45, ఊరి పన్ను వేరే. బుకింగ్ కాగితం చివర్న ఉందట. చూశా, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఇల్లు నేనే ఊడుస్తానని మొండికేశా. మా ఆయన "పోనీలెద్దూ" అని కారు వైపు చూస్తున్నాడు. అమ్మ మాత్రం పెట్టె తెరిచి నేతచీర తీసి పరుపు మీద పరిచేసింది. "నా ఎనిమిదీ ఆవిడకి ఇచ్చావంటే ఊరుకోను."

16 కట్టాం.

పండగ మాత్రం పండగే. పెద్ద పెద్ద చెట్ల నీడన బుట్టలు, ఎర్ర పసుపు చారల జెండాలు (అక్కడి కాటలాన్ జనానివి), చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే సార్దానా నాట్యం. చెర్రీలు కిలో 7 యూరోలు, మూడు కిలోలు 18కి బేరమాడాం. ఊళ్లో ఆధునిక చిత్రకళ మ్యూజియం ఉంది, 1950 నాటిది. పికాసో కూడా ఈ ఊళ్లో ఉండి బొమ్మలు వేశాడు. మా ఆయన మ్యూజియంలోంచి కదల్లేదు.

ఓ ముసలావిడ దగ్గర క్లాఫూటీ కొన్నాం, ముక్క 3.50. చెర్రీల మీద పాలు, గుడ్లు, పిండి కలిపిపోసి కాల్చిన వంటకం. అమ్మ పంటికింద గింజ పడింది. "గింజలు తియ్యలేదేంటే?" అడిగితే, వాసనంతా వాటిలోనే ఉంటుంది, తీస్తే ఏం మిగుల్తుంది అందావిడ. నేను తెలుగులో చెప్పా. అమ్మ కాసేపు నమిలి, "మన రేగొడియాల్లాగే. గింజతో దంచితేనే రుచి" అని ఇంకో ముక్క కొనిపించింది.

ఆ రాత్రి మంచం మీద కూర్చుని తింటుంటే చీరకి చెర్రీ మరక పడింది. ఇప్పటికీ పోలేదు. అదే ఓనరమ్మ దుప్పటి మీద పడుంటే ఎంత వేసేదో!