రంగం టైంపీసు

నేను వెళ్ళింది ఇత్తడి గుండిగ కోసం. విజయనగరం కోట దగ్గర ఒక మండువా ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేశారని, సామానంతా మూడు రోజులు వీధి అరుగు మీద పెట్టి అమ్ముతున్నారని మా పాలబ్బాయి చెప్పాడు. పిల్లలు ఒకరు హైదరాబాదు, ఒకరు అమెరికా. పెద్దావిడ ఒక్కర్తే ఉంది, ఆవిడా వచ్చే నెల కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. మొదటి రోజు నేను వెళ్ళేసరికి పదకొండయింది. గుండిగలు, గంగాళాలు పొద్దున్నే తూకానికి వెళ్ళిపోయాయట. మిగిలినవి రుబ్బురోలు, కాలు విరిగిన పడక్కుర్చీ, ఊరగాయ జాడీలు, తీగలు లేని బొబ్బిలి వీణ ఒకటి. వీణ మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేశాను. మా ఇంట్లో దాన్ని పెట్టే చోటేదీ?

జాడీల పక్కన అట్టపెట్టెలో తాళంచెవులు, కళ్ళజోళ్ళు, పాత పెన్నుల మధ్య బోర్లా పడి ఉంది ఈ టైంపీసు. రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెడితే ఎంతో అంతే. వెనకాల ఫోటో ఫ్రేముకి ఉన్నట్టు చిన్న కాలు. తిప్పి చూద్దును కదా, నెమలికంఠం రంగు!

ముందు పెయింటనుకున్నాను. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పిన బుద్ధి ఊరుకుంటుందా, ఎండలోకి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచాను. నీలం అడుగున, డయల్ చుట్టూ కిరణాల్లా సన్నటి గీతలు. వంచినకొద్దీ వెలుగు ఒక గీత మీంచి ఇంకో గీత మీదికి జరుగుతోంది. పట్టుచీర మడత విప్పుతున్నప్పుడు మెరుపు పరిగెత్తదూ, అలా. గోరు పెట్టి రాస్తే మాత్రం నున్నగానే తగిలింది. అంటే గీతలు లోపలున్నాయి. లోహం మీద యంత్రంతో గీతలు చెక్కి, పైన రంగు గాజుపొడి పరిచి, 800 డిగ్రీల దగ్గర కరిగించారన్నమాట. మనం అన్నాలు తిన్న ఎనామిల్ పళ్ళేలదీ ఇదే పద్ధతి. కాకపోతే వాటి పూతలోంచి అడుగు కనపడదు, దీన్లో కనపడుతుంది. ఆ నీలం కోబాల్టుది అయ్యుంటుంది.

కింద కుడి మూల గోరంత పెచ్చు ఊడింది. అమ్మేవాడు పాపం అక్కడే బొటనవేలు అడ్డం పెట్టి చూపిస్తున్నాడు. నాకు నమ్మకం కుదిరిందే ఆ పెచ్చు చూశాక. పెయింటయితే పొరలా లేస్తుంది. ఇది సీసా మూతి పగిలినట్టు నిగనిగలాడుతూ విరిగింది, అడుగున గీతలు గాజు లేకుండా బోసిగా ఉన్నాయి.

ధర 3,500 అన్నాడు. అతను ఇంటివాడు కాదు, సామాను అమ్మిపెట్టడానికి కుదుర్చుకున్న మనిషి. నాకంటే ముందొచ్చినాయన అడిగితే 1,500 చెప్పాడు, నా చెవులారా విన్నాను. అదేమిటంటే "అప్పుడు సరిగ్గా చూడనేదమ్మా, ఇది ఫారిన్ది" అన్నాడు. ఈ అమ్మకానికి నేను వేసే మార్కుల్లో సగం ఇక్కడే పోయాయి. దేనిమీదా రేటు చీటీ లేదు. మన చీర చూసి రేటు కట్టడమే. చివరికి పెద్దావిడ లోపల్నుంచి వచ్చి "రెండువేలకి ఇచ్చీ బావూ, టీచరుగారు కదా" అంటే 2,000కి తెగింది.

వాళ్ళ మావగారు రంగం నుంచి తెచ్చిందట అది. ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, రంగం అంటే రంగూను. మన వైపు నుంచి పనికోసం ఓడెక్కి వెళ్ళినవాళ్ళు తక్కువమందా! 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. మీ మావగారూ అలాగే నడిచొచ్చారా, అంతకుముందే వచ్చేశారా అని అడిగాను. "అప్పటికి నాను పుట్టనేదమ్మా" అంది నవ్వుతూ.

ఇంటికి తెచ్చి కీ ఇస్తే పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది. గంటస్తంభం దగ్గర ఒక చిన్న వాచీ రిపేరు బడ్డీ ఉంది. 1885 నాటి అంత పెద్ద గడియారం కింద కూర్చుని ఆయన చేతివాచీలకి సెల్లులు మారుస్తూ ఉంటాడు. దీన్ని చూడగానే చేతిలో పని పక్కన పెట్టేశాడు. కంటికి అద్దం బిగించి, వెనక మూత తీసి, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "స్ప్రింగు బాగుందమ్మా. ఆయిలే బంకైపోనాది. మొత్తం ఇప్పి పెట్రోలుతో కడగాల" అన్నాడు. పెచ్చు సంగతి అడిగాను. "రంగు ఎయ్యమంటే ఏస్తాను గానీ, ఒగ్గీండి. మచ్చలా కనిపిస్తాది." తొమ్మిది రోజులు తిప్పించుకున్నాడు, 600 తీసుకున్నాడు. ఆయనకి మాత్రం పూర్తి మార్కులు. వద్దన్న పని వల్ల ఆయనకి ఇంకో రెండొందలు వచ్చేవి మరి.

ఇక పనితనం. డయల్ మీద 'ఎయిట్ డేస్' అని, అంటే ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుందని, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'స్విస్ మేడ్' అని ఉంది. కంపెనీ పేరు చెరిగిపోయింది. ప్రతి మంగళవారం పైడితల్లమ్మ గుడికి వెళ్ళొచ్చి కీ ఇస్తున్నాను. మూడు వారాలు నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. శుక్రవారానికి రెండు నిమిషాలు ముందుంటుంది, మళ్ళీ మంగళవారానికి మూడు నిమిషాలు వెనకబడుతుంది. స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు ఉన్న బలం వదులయ్యాక ఉండదు, అంతే. మావారు "రెండొందలకి సెల్లు గడియారం వస్తుంది, ఏడాది దాని మొహం చూడక్కర్లేదు" అన్నారు. నిజమే. బస్సు టైముకి దీన్ని నమ్ముకుంటే బస్సు పోతుంది. కానీ సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీలోంచి ఎండ దానిమీద పడినప్పుడు ఆయనే టీ గ్లాసు పట్టుకుని వచ్చి చూస్తున్నారు.

ఇలాంటిది కొంటే ఒక జాగ్రత్త. దీని అంకెల మీద, ముళ్ళ మీద ముదురు గోధుమరంగు పూత ఉంది. బండి నంబరు ప్లేట్లకి అంటించేదాన్ని మనం రేడియం అంటాం, అందులో రేడియం ఉండదు. ఇందులో నిజంగానే ఉండొచ్చు. 1960ల దాకా గడియారాలకి అదే పూసేవారు. చీకట్లో చూస్తే వెలగడం లేదు కదా అని ధీమా వద్దు. రేడియం రేడియోధార్మిక పదార్థం, అది సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. పాడయ్యేది దానితో కలిపిన, వెలుగునిచ్చే జింకు సల్ఫైడు. అద్దం తీసి గీకడం, ఊదడం చెయ్యకండి, ఆ పొడి ఒంట్లోకి పోకూడదు. రిపేరాయనకీ ఈ మాట ముందే చెప్పాను. మా మనవరాలు తలగడ పక్కన పెట్టుకుంటానంటే కుదరదని హాల్లో షోకేసులో పెట్టాను.

పెచ్చు ఊడినదానికి 2,000 దాకా పెట్టొచ్చని నా లెక్క, ఆపైన వద్దు. ఎనామిల్ ఎక్కడా విరగకుండా ఉంటే ఇంకో వెయ్యి.

మూడోరోజు సాయంత్రం మళ్ళీ వెళ్ళాను, వీణ ఉందేమోనని. లేదు. రుబ్బురోలు ఒక్కటే ఉంది. ఊరికే ఇస్తామన్నా మోసుకెళ్ళేవాళ్ళు దొరకలేదట.